స్కాట్లాండ్ చేపకు సిరిసిల్ల పోగు

కాలేజీ ఆఫీసులో ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్లు రాస్తుంటే కోరుట్ల నుంచి మా బావ ఫోన్ చేశాడు.

"బావా, నీ పాస్‌పోర్ట్ ఇంక నడుస్తున్నదా?"

"నడుస్తున్నది. ఎందుకు?"

"సెప్టెంబర్ల ఒక్క వారం లీవ్ పెట్టు. స్కాట్లాండ్ పోదాం. చేపలు పట్టవోదాం."

ఆయన నా భార్యకు అన్న. మేమిద్దరం ఒకరినొకరం బావ అనే పిలుచుకుంటాం. పదహారేళ్లు మస్కట్‌లో ఒక స్కాట్లాండ్ ఇంజనీరుకు కారు నడిపి, ఆ ఇంజనీరు రిటైరై తన దేశం వెళ్లిపోయాక ఈయన కోరుట్లకు వచ్చేశాడు. ఆ పెద్దమనిషిని మా ఇంట్లో ఎవరమూ చూడలేదు గానీ అందరం ముసలి సాబ్ అనే అంటాం. ఏటా సెప్టెంబరులో ఆయన స్కాట్లాండ్ ఉత్తరాన ఏదో నది దగ్గర వారం రోజులు సాల్మన్ చేపల కోసం మకాం వేస్తాడట. సామాన్లు మోయడానికి మూడుసార్లు బావను వెంట తీసుకుపోయాడు. మోయడానికి పోయిన మనిషి గాలం పిచ్చి పట్టించుకుని వచ్చాడు. పెళ్లికి పోయినా చావుకు పోయినా ఆ నది మాటే.

ఈసారి పిలుపు వేరే రకంగా వచ్చింది. ముసలి సాబ్‌కు ఎనభై దాటాయి. మోకాళ్లు పట్టు తప్పాయి. నదిలో రాళ్లు పాచి పట్టి జారుతుంటాయి. ఆయన గాలం విసురుతుంటే వెనక నిలబడి నడుం బెల్టు పట్టుకునే మనిషి ఒకడు కావాలి. బావకు భుజం ఆపరేషన్ అయింది, గాలం విసరగలడు గానీ మనిషి బరువు ఆపలేడు.

"నువ్వు మగ్గాల మీద బీములెత్తినోడివి," అన్నాడు బావ. "నిన్ను తీస్కస్తా అని సాబ్‌కు చెప్పిన."

పడుగు నూలు చుట్టిన ఆ బరువు బీములు ఎత్తడం ఇరవై ఏళ్ల కిందటి మాట. మాది సిరిసిల్ల. మా నాయన పెట్టిన మరమగ్గాల షెడ్డు ఇప్పుడు మా తమ్ముడు నడుపుతున్నాడు. నేను డిగ్రీ చదివి, గల్ఫ్ పోదామని పాస్‌పోర్ట్ తీసుకుని, పోకుండా జగిత్యాలలో ఈ ప్రైవేటు కాలేజీలో కుదురుకున్నాను. విమానం ఎప్పుడూ ఎక్కలేదు. చేపలు పట్టడమంటే చిన్నప్పుడు మానేరులో వానపాము గుచ్చిన గాలం తప్ప తెలియదు. అయినా ఫోన్ పెట్టేసరికి నేను ఆ నదిలో నిలబడే ఉన్నాను.

సాయంత్రం నా భార్యకు చెబితే ఆమె చేతిలో పని ఆపలేదు.

"వేములవాడకు పోదామంటే ఒక్కరోజు లీవు దొరకది. మా అన్న పిలుస్తె చేపలకు వారం రోజులు దొరుకుతదా?"

"ముసలాయన్ని పట్టుకునేటందుకు."

"మా అత్తమ్మ మోకాళ్లు నొస్తున్నయని ఏడాది సంది అంటున్నది. ఆమెను పట్టుకోరాదు?"

మరుసటి ఆదివారం అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ఆ తర్వాతి ఆదివారం నుంచి గాలం నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఆదివారాలు నేను జగిత్యాల నుంచి, బావ కోరుట్ల నుంచి సిరిసిల్లకు బస్సులో వచ్చేవాళ్లం. ముసలి సాబ్ ఇచ్చిన గాలం గడ నాలుగు ముక్కలుగా ఒక గొట్టంలో ఉండేది. అతికిస్తే పద్నాలుగు అడుగులు. రెండు చేతులతో పట్టుకోవాలి. మానేరు బ్యాక్‌వాటర్ ఒడ్డున నిలబడి ఆయన ఒకసారి విసిరితే లావుపాటి దారం నీళ్ల మీద నిదానంగా పరుచుకునేది. నేను విసిరితే నా కాలర్‌కు పట్టేది. లేకపోతే వెనకున్న సర్కారు తుమ్మకు.

"ఆగుతలెవ్వు నువ్వు," అనేవాడు బావ. "ఎనుకకు లేపినంక జెరసేపు ఆగాలె. గా ఆగుడే అసలు పని."

"ఆగుతనే ఉన్న."

"ఆగుతలెవ్వు. కాలేజీల బెల్లు కొట్టినట్టు కొడుతున్నవ్."

అక్కడ వలలు వేసే పెద్దాయన ఒకాయన థర్మాకోల్ తెప్ప మీద మా ముందు నుంచే తిరుగుతుండేవాడు. మొదటి రోజు మర్యాదకు ఏమీ అనలేదు. రెండో వారం తెప్ప ఆపి, మా గాలం చేతిలోకి తీసుకుని తిప్పితిప్పి చూశాడు. దానికి ఎర లేదు. కొక్కేనికి ఈకలు, రంగు దారాలు చుట్టి ఉన్నాయంతే.

"సార్, తినెటందుకు ఏం లేకుంటే చేప ఎట్ల పడ్తది? దానికేమన్న పిచ్చా?"

బావ ఎంతో ఓపికగా చెప్పాడు. ఆ చేప నదిలో పుట్టి సముద్రానికి పోతుంది. గుడ్లు పెట్టే వేళకు మళ్లీ పుట్టిన నదికి వస్తుంది. నదిలోకి వచ్చాక ఇక ఏమీ తినదు. ఈ ఈకల గాలం దాని మూతి ముందు నుంచి పదిసార్లు పోతే, ఎందుకో గానీ కోపం వచ్చి కొరుకుతుంది.

"అంటే ఆకలైన చేపను కాకుండ కోపమచ్చిన చేపను పడ్తరా?"

"ఆఁ."

"పట్టి?"

"ఇడిసిపెడ్తం. గక్కడ రూలు."

పెద్దాయన నా వైపు చూశాడు. బావ సంగతి ఆయనకు అర్థమైపోయింది, నువ్వు కూడానా అని నన్ను అడిగినట్టుంది ఆ చూపు. తెప్ప తోసుకుని పోయాడు. ఆ మధ్యాహ్నం ఆయన వలలో రెండు పెద్ద బొచ్చె చేపలు పడ్డాయి. మాకు తుమ్మ కొమ్మ పడింది.

విసరడం రాలేదు గానీ ఆ గాలాలు కట్టడం మాత్రం నాకు తొందరగానే వచ్చింది. ముసలి సాబ్ ఇచ్చిన పెట్టెలో పాతవి కొన్ని ఉంటే ఒకదాన్ని విప్పి చూశాను. పోగు మీద పోగు, ముడి కనపడకుండా చివర దాచడం. తెగిన పోగును అతకడం చూస్తూ పెరిగినవాణ్ని, నా వేళ్లకు అదేమంత కొత్త కాదు. షెడ్డులో మగ్గాలు రిపేరు చేసే బల్లకున్న వైస్‌లో కొక్కెం బిగించి, నాటుకోడి మెడ ఈకలు, నారింజ రంగు పోగు, మీద సన్నటి జరి చుట్టాను. శరత్కాలంలో సాల్మన్‌కు నారింజ రంగంటే మంట అని బావ చెప్పాడు.

మా తమ్ముడు మగ్గం ఆపి వచ్చి చూసి, "చీరె అంచుకు పోవాల్సిన జరి చేప మూతికి పోతున్నదా?" అన్నాడు. అన్నాడు గానీ మరుసటి వారానికి ఇంకో రంగు జరి తెచ్చి పెట్టాడు.

ఇక్కడిదాకా బాగానే నడిచింది. చెడగొట్టింది నేనే.

వీసాకు కాలేజీ నుంచి సెలవు మంజూరు ఉత్తరం కావాలన్నారు. ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"చేపలు పట్టుటకు సెలవా?"

"అవును సార్. స్కాట్లాండ్‌ల."

పక్కన కూర్చున్న కామర్స్ లెక్చరర్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. సాయంత్రానికల్లా స్టాఫ్ రూములో నా పేరు చేపల సార్ అయింది. మరునాడు ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "నేను గట్ల రాసి సంతకం పెడ్తే మేనేజ్‌మెంట్ నన్నడుగుతది. ఏదన్న ఫంక్షన్ అని రాస్కరా, పెడ్త," అన్నాడు.

ఆయన తప్పేం లేదు. సాయం చేద్దామనే అన్నాడు. నేను కూడా ఆ నవ్వుల నుంచి బయటపడితే చాలనుకున్నాను. 'విదేశంలో బంధువుల ఇంట శుభకార్యం' అని ఇంగ్లీషులో చక్కగా టైపు చేసి, సంతకం, ముద్ర వేయించుకున్నాను. దాన్ని కోరుట్లలో కాగితాలు సర్దే ఏజెంటుకు ఇచ్చాను. వీసా దరఖాస్తులో మాత్రం, బావ చెప్పినట్టే, సాల్మన్ చేపల వేట అని ఉంది. ముసలి సాబ్ పంపిన పిలుపులోనూ అదే ఉంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తట్టలేదు. రోజంతా నలుగురి కాగితాలు సరిచూసే ఉద్యోగం నాది.

బావకు వీసా వచ్చింది. నాకు ఉత్తరం వచ్చింది. మీరు చేపల వేటకు వస్తున్నానంటున్నారు, మీ యజమాని శుభకార్యమంటున్నాడు, మీరు వచ్చే కారణం మాకు నమ్మశక్యంగా లేదు అని మర్యాదగా రాశారు. మళ్లీ పెట్టుకోవచ్చట. మళ్లీ పెట్టుకుంటే సెప్టెంబరు దాటిపోతుంది.

ఆ ఉత్తరం పట్టుకుని కోరుట్లకు పోయాను. బావ రెండుసార్లు చదివాడు.

"గీ లెటర్ ఎవలు రాయమన్నరు నిన్ను?"

"నేనే రాసిన."

"నన్నొక్కమాట అడగకపోతివి?"

"అడగలే."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. కాగితం మడతపెట్టి నా చేతికిచ్చి లోపలికి పోయాడు. కాసేపటికి నేను కట్టిన గాలాల పెట్టె తెచ్చుకుని తన బ్యాగులో సర్దుకున్నాడు.

బావ ఒక్కడే పోయాడు. ఆ వారమంతా నేను కాలేజీలో ఉన్నానన్న మాటే గానీ మనసు అక్కడ లేదు. మాకు మధ్యాహ్నం రెండు దాటితే వాళ్లకు పొద్దున. నది దగ్గరికి పోగానే బావ వీడియో కాల్ చేసేవాడు. ముసలి సాబ్‌ను మొదటిసారి చూసింది అలాగే. ఎర్రటి ముఖం, ఉన్ని టోపీ. మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుర్చీ ఒడ్డున ఉంది. ఆయన బూట్లకూ నీళ్లకూ మధ్య ఇంత గడ్డి.

"లోపటికి పోడా?" అని అడిగాను.

"ఎట్ల పోతడు? ఎవలు పట్టుకుంటరు?" అన్నాడు బావ.

ముసలి సాబ్ చెయ్యి ఊపి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. నేను కట్టిన గాలాన్ని ఫోనుకు దగ్గరగా పెట్టి చూపించి బొటనవేలు ఎత్తాడు. నేను కూడా ఎత్తాను. అంతకన్నా మా మధ్య మాటలు సాగలేదు.

సోమవారం ఏమీ పడలేదు. మంగళవారం వాన. బుధ, గురువారాల్లో చేపలు కళ్లముందే ఎగిరి పడుతున్నాయి గానీ కుర్చీలో కూర్చుని విసిరితే గాలం వాటి దాకా పోవడం లేదని బావ చెప్పాడు. శుక్రవారం బావ కాల్ చేసి ఫోన్ నది వైపు తిప్పి పెట్టాడు. నల్లటి నీళ్లు, అవతల చెట్లు. నేను టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఆ నీళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఒడ్డు నుంచి పది అడుగులు లోపలికి పోతే చాలు. పది అడుగులు. ఆ పది అడుగుల కోసం ఒక మనిషి అవసరం, ఆ మనిషి జగిత్యాలలో పెరుగన్నం తింటున్నాడు.

శనివారం ఆఖరి రోజు. ఆదివారం అక్కడ సాల్మన్ పట్టకూడదు. ఇక్కడ కాలేజీలో పరీక్ష ఫీజుకు ఆఖరి రోజు. కిటికీ ముందు పిల్లలు బస్టాండు దాకా ఉన్నారా అన్నట్టు నిలబడ్డారు. రెండున్నరకు బావ కాల్ వచ్చింది. ఫోన్ రిజిస్టరుకు ఆనించి పెట్టుకుని, ఒక కన్ను అక్కడా ఒక కన్ను ఇక్కడా వేసి రశీదులు రాస్తున్నాను.

ఒక్కసారిగా బావ అరిచాడు. "బావా! పట్టింది! పట్టింది!"

తర్వాత తెర గిర్రున తిరిగింది. ఆయన ఫోన్‌ను ఏ రాయికో ఆనించి పరుగెత్తినట్టున్నాడు. నాకు కనిపించింది ఆకాశం. ఓ మూల గడ్డిపోచ. అంతే. గడ నుంచి దారం కిర్రుమంటూ లాగుకుపోతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. బావ మూడు భాషల్లో అరుస్తున్నాడు. "సార్, లెట్ గో! ఛోడో సార్! అరె, ఇడువుండి జెర!" ముసలి సాబ్ ఏదో అంటున్నాడు, నవ్వుతున్నాడో ఆయాసపడుతున్నాడో తెలియడం లేదు. నీళ్లలో ఏదో పెద్దది పడ్డ చప్పుడు.

"బావా, ఫోన్ తిప్పు!" అని అరిచాను. "ఫోన్ ఇటు తిప్పు!"

కిటికీ ముందు పిల్లలు తలలు లోపలికి పెట్టి చూశారు. వెనక నుంచి ప్రిన్సిపాల్ గొంతు వినిపించింది.

"ఏందది?"

"చేప సార్."

ఆయన వంగి చూశాడు. "చేపేది? మబ్బున్నది."

"ఉన్నది సార్, పక్కకున్నది."

ఆయన కోప్పడలేదు. నా పక్కనే వంగి, నాతోపాటు ఆ మబ్బును చూశాడు. ఇంతలో తెర నల్లబడింది. మళ్లీ చేశాను. కలవలేదు. రశీదు మీద పిల్లవాడి పేరు తప్పు రాసి, కొట్టేసి, మళ్లీ తప్పు రాశాను. గంట తర్వాత బావ దగ్గర నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. రెండే మాటలు. "పోయింది బావా."

సాబ్ ఇంట్లో కొన్నాళ్లుండి, పది రోజుల తర్వాత బావ తిరిగి వచ్చాడు. నేను, నా భార్య కోరుట్లకు పోయాం. ఆయన కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. చేప గాలం పట్టుకుని ముందు కదలలేదట, రాయికి పట్టిందనుకున్నారట. తర్వాత ఒక్క ఊపున వాలుకు పరుగు తీసి మలుపు దాటింది. దాని వెంట ఒడ్డు దిగి, మోకాలి లోతు నీళ్లలో రాతిని చుట్టి పోవాలి. ముసలి సాబ్ కుర్చీలోంచి లేచి రెండడుగులు వేశాడు. బావ మంచి చేత్తో ఆయన రెక్క పట్టుకున్నాడు. మూడో అడుగుకు ఇద్దరూ తూలారు. అంతలో దారం అయిపోయింది. తెగింది. నేను కట్టిన గాలం చేప మూతిలోనే పోయింది. ముసలి సాబ్ గడ్డిలో చతికిలబడి నవ్వి, బావ చెయ్యి పట్టుకుని ఊపాడట.

"ఫోటో లేదా?" అని అడిగింది నా భార్య.

"రెండు చేతులల్ల సాబే ఉండె. ఫోటో ఎట్ల తీత్తు?" అని, బావ నా వైపు తిరిగాడు. "నువ్వుంటే గా చేప ఒడ్డుకచ్చేది బావా."

నాలో ఏదో తెగింది. "గా మాట నాకెందుకు చెప్తున్నవ్?" అన్నాను. "నాకు తెల్వదా? నెల సంది గదే అనుకుంటున్న. నువ్వు కూడ అనాల్నా?"

చాయ్ గ్లాసు అట్లాగే పెట్టేసి లేచాను. జగిత్యాలలో బస్సు దిగాక నా భార్య అంది, "మా అన్న నిన్ను మెచ్చుకున్నడు. నువ్వు తిట్టినట్టు విన్నవ్."

నిజానికి ఆయన మీద కోపం కాదు. ఒక కాగితం మీద ఒక వాక్యం. నలుగురు నవ్వుతారని మార్చిన వాక్యం. ఆ నవ్వు రెండు రోజులకే పాతబడిపోయింది. స్టాఫ్ రూములో చేపల మాట అందరూ మర్చిపోయారు.

బతుకమ్మ, దసరా దాటాయి. బావా నేనూ మాట్లాడుకోలేదు. దీపావళి అయ్యాక ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు.

"సాబ్ బిడ్డ ఫోన్ చేసింది. ఇగ నది కాడికి పోనియ్యమంటున్నరట ఇంట్లోళ్లు. వచ్చే ఏడు లేదు."

మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలని, ఈసారి ఉన్నదున్నట్టు రాయాలని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. ఆ ఆశ ఉన్నట్టు కూడా నాకు అప్పుడే తెలిసింది.

"ఉన్నవా?" అన్నాడు బావ.

"ఉన్న."

"ఆదివారం మల్లాపూర్ దిక్కు రారాదు. గోదాట్ల దిగుదాం."

పోయాను. చలికాలం, గోదావరి నీళ్లు తేరుకుని ఉన్నాయి. ఒడ్డున బావ స్కాట్లాండ్ నదిలో దిగేటప్పుడు వేసుకునే, చంకల దాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కున్నాడు. నేను నిక్కరు మీద ఉన్నాను. నడుముల్లోతు దాకా పోయాక ఆయన కాలు బండ మీద జారింది. వెనక నుంచి బెల్టు పట్టుకున్నాను.

"ఆఁ, గట్లనే పట్టుకో," అన్నాడు. "ఇడువకు."

గంటసేపు అట్లాగే నిలబడ్డాను. ఆయన విసిరినప్పుడల్లా బరువు నా చేతుల మీదికి వచ్చి పోయేది. నాకు గాలం కనపడలేదు, నది కనపడలేదు. చెమటకు తడిసిన ఒక వీపు, దాని మీద రబ్బరు పట్టీ. మణికట్లు లాగేస్తున్నాయి, కాళ్లకు స్పర్శ లేదు.

"బావా," అన్నాను, "అక్కడ కూడ నా పని గిదేనా?"

"గిదే."

"వారం దినాలు?"

"ఆరు దినాలే. ఆదివారం సెలవు."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే పట్టు సడలి ఇద్దరం తూలాం. ఆయన నా చెయ్యి పట్టుకుని నిలదొక్కుకుని, గడ నా చేతిలో పెట్టి, నా వెనకకు వచ్చి, బాగున్న చేత్తో నా చొక్కా వెనక గట్టిగా పట్టుకున్నాడు. నేను గడ వెనక్కి లేపి, ఆగి, విసిరాను. దారం ఎక్కడా చిక్కుకోకుండా పోయి నీళ్ల మీద పరుచుకుంది. బావ వెనక నుంచి నా చొక్కా ఒకసారి లాగాడు.

ఆ రోజు ఏ చేపా మా గాలాన్ని పట్టించుకోలేదు. ఒడ్డుకు వచ్చి ఆకలి మీద సద్ది విప్పాం. మధ్యలో ఉన్నట్టుండి మళ్లీ ఆ శనివారం గుర్తొచ్చి చేతిలో ముద్ద తిరిగి డబ్బాలో పెట్టాను. బావ నీళ్ల సీసా నా వైపు జరిపాడు.

"వచ్చే ఆదివారం?" అని అడిగాడు.

నా మీద నాకు కోపం ఇంకా ఎక్కడో ఉంది. "జెర జల్ది బయలెల్లాలె మరి," అన్నాను.